చికాగోలో ఒక గిడ్డంగి

చికాగో అనగానే మనవాళ్ళకు ముందు జ్ఞప్తికి వచ్చేది 1893వ సంవత్సరం, వివేకానందస్వామి. ఆ సర్వమత మహాసభ జరిగిన భవనం మిచిగన్ అవెన్యూలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నది. ఇప్పుడది చిత్రకళా ప్రదర్శనశాల. ద్వారానికి రెండు పక్కలా కాంస్య సింహాలు కాపలా కాస్తుంటాయి. ఆ మేర వీధికి స్వామివారి పేరు పెట్టి గౌరవ ఫలకం కట్టారు. మన దేశం నుంచి వెళ్ళినవారు అక్కడ నిలబడి ఫొటో తీయించుకోకుండా తిరిగి రారు.

అయితే ఆ సింహాలకు ఎదురుగా ఉన్న ఆడమ్స్ వీధి పట్టుకుని పడమటికి కిలోమీటరున్నర దూరం నడిచేవారు తక్కువ. నడిస్తే అటువంటిదే మరొక గౌరవ ఫలకం కనిపిస్తుంది. అది మత గురువుదీ కాదు, రాజకీయ నాయకుడిదీ కాదు. తెల్లవార్లూ గ్రామఫోను రికార్డులు వేసి జనాన్ని ఆడించిన ఒక నల్లజాతి మనిషిది. రికార్డులు వేసినంత మాత్రాన వీధికి పేరు పెడతారటండీ అని అడిగేవారుంటారు. ఆ సంగతి చెప్పుకోవాలంటే ముందు ఆ వీధికి పోవాలి.

దారి మంచి దారి. కొంత దూరం పోయేసరికి 110 అంతస్తుల విల్లిస్ టవర్ మీద పడేటట్లు నిలబడి ఉంటుంది. 1974లో పూర్తయిన ఈ మేడను పాతకాపులు ఇంకా సియర్స్ టవర్ అనే పిలుస్తారు. దాని వెనుకనే నది. ఈ నదిది ఒక వింత కథ. పూర్వం మిచిగన్ సరస్సులోకి పారేది. ఊరి మురుగు పోయి తాగేనీటిలో కలుస్తున్నదని 1900లో కాలువ తవ్వి నదినే వెనక్కి మళ్ళించారు. వంతెన దాటితే యూనియన్ రైలు స్టేషను. స్టేషను వెనక రెండు వీధులు పోతే జెఫర్సన్ వీధి. అక్కడ 206వ నెంబరు భవనం మూడంతస్తుల పాత కట్టడం. శిల్పం లేదు, శిఖరం లేదు. తెలియనివాడు పక్కనుంచే నడిచిపోతాడు.

ప్రపంచంలో ఇవాళ ఏ పెద్ద పట్నంలో రాత్రి డాన్సు జరిగినా, ఆ పాటలో ఈ కట్టడం పేరులో సగం ముక్క ఉంటుంది. దీనిని జనం ‘వేర్‌హౌస్’ అన్నారు, అంటే గిడ్డంగి. అందులోని రెండో సగం తీసుకుని అక్కడ మోగిన సంగీతానికి ‘హౌస్’ అని పేరు పెట్టారు.

ఈ కథలో ఇద్దరున్నారు. మన పద్యనాటకాల సంగతి తెలిసినవారికి ఈ ఇద్దరి సంబంధం చెప్పకుండానే బోధపడుతుంది. కృష్ణుడి వేషం వేసి పద్యం ఎత్తుకునేవాడొకడు. పందిరి వేయించి, దీపాలు పెట్టించి, టిక్కెట్లు అమ్మించి, పోలీసులకూ మునిసిపాలిటీకీ సమాధానం చెప్పుకునే కాంట్రాక్టరు ఒకడు. జనం వేషగాడి పేరే చెప్పుకుంటారు. కాంట్రాక్టరు పేరు కరపత్రంతోపాటే చిరిగిపోతుంది.

ఇక్కడ కాంట్రాక్టరు రాబర్ట్ విలియమ్స్. న్యూయార్కు నుంచి చికాగోకు వచ్చి స్థిరపడ్డాడు. ఊళ్ళో నల్లజాతి యువకులకు, అందులోనూ స్వలింగ ప్రేమికులకు, నిర్భయంగా పోయి ఆడుకునే చోటు లేదు. వారానికొక రాత్రి అటువంటి చోటు ఏర్పాటు చేయాలని అతని సంకల్పం. న్యూయార్కులో తనకు పరిచయమున్న లారీ లెవాన్ అనే కుర్రవాణ్ణి రమ్మన్నాడు. లెవాన్ అక్కడే ఉండిపోవాలనుకుని రానన్నాడు. తరువాత ‘పారడైజ్ గరాజ్’ అనే నాట్యశాలలో అతనూ గొప్పవాడయ్యాడు. అతని స్నేహితుడు ఫ్రాంకీ నకిల్స్ మాత్రం సరేనన్నాడు. న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో 1955 జనవరి 18న పుట్టినవాడు. 1977లో చికాగోకు వచ్చేనాటికి ఇరవై రెండేళ్ళు. ఇద్దరు మిత్రులూ కాంటినెంటల్ బాత్స్ అనే స్నానశాలలో రికార్డులు వేస్తూ విద్య నేర్చుకున్నారు.

విద్య అన్నాను. రికార్డు తీసి పళ్ళెం మీద పెట్టడంలో విద్య ఏమున్నది? చెబుతాను. డీజే ముందు రెండు పళ్ళేలుంటాయి. ఒకదాని మీద పాట జనానికి వినిపిస్తుంటే, రెండోదాని మీద రాబోయే పాటను అతనొక్కడే చెవికి పెట్టుకుని వింటాడు. రెండు పాటల నడకా ఒకటి కాదు. పళ్ళెం వేగం కొద్దికొద్దిగా పెంచి, తగ్గించి, రెండు తాళాలూ కలిసేదాకా సవరిస్తాడు. నడక తెలియని రెండెడ్లను ఒకే కాడికి కట్టి, తొట్రుపాటు లేకుండా బండి సాగించడం వంటిది ఇది. కలిసిందీ అంటే ఒక పాట ఎక్కడ ఆగిందో, మరొకటి ఎక్కడ మొదలైందో ఆడేవాడి పాదానికి తెలియదు. పాట ఆగదు గనుక ఆటా ఆగదు.

శనివారం రాత్రి మొదలైతే ఆదివారం పొద్దెక్కేదాకా సాగేది. మద్యం లేదు, పండ్లరసాలు మాత్రమే. తెల్లవారుజామున దీపాలన్నీ ఆర్పించి, ఆ చీకట్లో రైలుబండి దూసుకువస్తున్న చప్పుడు ఉన్న రికార్డు వేసేవాడట ఫ్రాంకీ. గోడలు అదిరి, బండి తమ మధ్యనుంచే పోతున్నట్లు జనం కేకలు పెట్టేవారట. వారంలో ఆరు రోజులు ఇంట్లో, బళ్ళో, వీధిలో తల వంచుకు తిరిగినవారు ఇక్కడ ఆ రాత్రి తల ఎత్తుకునేవారు. ఫ్రాంకీ స్వయంగా స్వలింగ ప్రేమికుడే. భగవంతుడి కృపకు దూరమయ్యారని లోకం వెలివేసినవారికి ఈ గిడ్డంగే చర్చి అని అతను చెప్పేవాడు.

ఇంతలో గండం వచ్చింది. 1979 జూలై 12న చికాగో దక్షిణ భాగంలోని కామిస్కీ పార్కులో బేస్‌బాల్ పోటీ. డిస్కో పాటలంటే గిట్టని స్టీవ్ డాల్ అనే రేడియో ప్రయోక్త, ఒక డిస్కో రికార్డు పట్టుకొస్తే 98 సెంట్లకే టిక్కెట్టు అని ప్రకటన చేయించాడు. వేలకు వేలు జనం వచ్చిపడ్డారు. రెండు ఆటల మధ్య విరామంలో, తెచ్చిన రికార్డులను మైదానం నడుమ పోగు వేసి మందుగుండు పెట్టి పేల్చారు. జనం మైదానంలోకి దూకారు; రెండో ఆట ఆడనే లేదు. ఆనాడు అక్కడ జనాన్ని కూర్చోబెట్టే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు తరువాత చెప్పిన మాట గమనించదగింది: తెచ్చిన రికార్డుల్లో చాలా భాగం డిస్కోవే కావు, నల్లవారు పాడినవి.

ఆ తరువాత పెద్ద కంపెనీలు డిస్కో రికార్డులు తీయడం తగ్గించాయి. కొత్త సరుకు రాదు. శనివారం మాత్రం వస్తుంది. పాత పాటలే వేస్తే జనం ఎన్ని వారాలు ఆడతారు? ఫ్రాంకీ పాత పాటలను టేపు మీదికి ఎక్కించి, కత్తిరించి, అతికించి, తాళం బాగున్న ముక్కను పొడిగించి, వాటికి కొత్త ప్రాణం పోశాడు. ఆ పైన జపానువారి రోలాండ్ కంపెనీ డ్రమ్ యంత్రం తెచ్చి, పాట కింద దాని దెబ్బ కలిపాడు. నాలుగు మాత్రలకు నాలుగు దెబ్బలు, భజనలో చప్పట్ల వలె సమంగా, ఎడతెగకుండా.

ఆ మాటకొస్తే ఆ కంపెనీ యంత్రాలతో మన బొంబాయిలోనూ ఒకాయన చిత్రమైన పని చేశాడు. సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో తాళానికి కూర్చి రికార్డు ఇచ్చాడు. అప్పుడు పట్టించుకున్నవారు లేరు. 2010లో మళ్ళీ విడుదలైతే పాశ్చాత్యులు విని, ఇది అచ్చం హౌస్ లాగా ఉన్నదేమిటని ముక్కున వేలేసుకున్నారు. చికాగోవారికి ఆయన సంగతి తెలియదు, ఆయనకు వారి సంగతి తెలియదు.

గిడ్డంగిలో శనివారం విన్న పాట సోమవారం కొనుక్కోవాలని జనం ఇంపోర్ట్స్ ఎట్సెట్రా అనే రికార్డుల దుకాణానికి పోయేవారు. దుకాణంవారు ఆ రికార్డులను వేరే పెట్టి, వేర్‌హౌస్‌లో వినిపించినవి అని చీటీ తగిలించేవారు. చీటీ రానురాను పొట్టిదై ‘హౌస్’ అన్న ముక్క మిగిలింది. ఒకనాడు ఫ్రాంకీ కారులో పోతూ ఒక సారాదుకాణం కిటికీలో ‘ఇచ్చట హౌస్ సంగీతం వినిపించబడును’ అన్న బోర్డు చూసి అదేమిటని అడిగితే, నువ్వు వేర్‌హౌస్‌లో వేసేదేగదా అని స్నేహితురాలు నవ్విందట. పేరు పెట్టినది జనమే. పేరుగలవాడికి చివర తెలిసింది.

అంతా బాగున్నప్పుడే తగవు వస్తుంది. జనం పెరిగారు, రద్దీ పెరిగింది. విలియమ్స్ ప్రవేశ రుసుము పెంచాడు. ఫ్రాంకీకి అది నచ్చలేదు. 1982లో విడిపోయి పవర్ ప్లాంట్ అనే సొంత నాట్యశాల పెట్టుకున్నాడు. అంటే వేషగాడే కాంట్రాక్టరు కూడా అయ్యాడు. విలియమ్స్ రాన్ హార్డీ అనే మరొక డీజేను తెచ్చి మ్యూజిక్ బాక్స్ నడిపాడు. ఎవరిది న్యాయమన్నది నేను తేల్చబోవడం లేదు. అద్దె, కరెంటు, కాపలా ఖర్చు మోసేవాడికి ఒక లెక్క. తలుపు దగ్గర చిల్లర లెక్కపెట్టుకుని వెనుదిరిగే పిల్లవాణ్ణి తలుచుకునేవాడికి మరొక లెక్క. ఒక్క సంగతి మాత్రం నిజం. ఒక చోట పాట రెండు చోట్ల అయింది. రెండు చోట్లా విన్న కుర్రవాళ్ళు ఇళ్ళకు పోయి సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టారు.

1984లో జెస్సీ సాండర్స్ ‘ఆన్ అండ్ ఆన్’ రికార్డు తెచ్చాడు. మొదటి హౌస్ రికార్డు ఇదేనని చాలామంది అంటారు. అందులో సహరచయిత ఎవరనుకున్నారు? ఆనాడు కామిస్కీ పార్కులో రికార్డులు పేలడం చూసిన విన్స్ లారెన్సే. తపాలా కార్యాలయంలో పనిచేసే మార్షల్ జెఫర్సన్ 1986లో ‘మూవ్ యువర్ బాడీ’ తెచ్చాడు. 1987 జనవరిలో స్టీవ్ హర్లీ పాట ఇంగ్లండులో ప్రథమ స్థానానికి ఎక్కింది. చికాగోలో పక్క పేటవారికి తెలియని పాట సముద్రం దాటి కీర్తి తెచ్చుకున్నది.

ఫ్రాంకీ కొన్నాళ్ళకు న్యూయార్కుకు పోయి, పేరుగల గాయకుల పాటలను నాట్యానికి తగ్గట్టు తిరిగి కూర్చే పనిలో ఆరితేరాడు. ఆ పనికి గ్రామీ పురస్కారం మొట్టమొదటిసారి 1998లో ఇస్తే అది అతనికే వచ్చింది. తరువాత చికాగోకే తిరిగివచ్చాడు. 2004 ఆగస్టు 25న జెఫర్సన్ వీధిలో ఆ ముక్కకు అతని పేరు పెట్టారు. అప్పట్లో రాష్ట్ర సెనేటరుగా ఉన్న బరాక్ ఒబామా సాయమూ అందులో ఉన్నది. 2008లో ఒక పాదం తీసివేయవలసి వచ్చినా రికార్డులు వేయడం మానలేదు. మధుమేహం ముదిరి 2014 మార్చి 31న చికాగోలోనే కన్నుమూశాడు. వయస్సు 59.

ఫలకం మీద విలియమ్స్ పేరు లేదు. మన కాంట్రాక్టరు గతే పట్టిందనుకున్నారందరూ. అయితే 2023లో ఆ 206వ నెంబరు భవనాన్ని పడగొడతారేమోనన్న భయం పుట్టింది. పాత కట్టడాలను కాపాడే సంఘంవారూ, హౌస్ అభిమానులూ నగరపాలకుల వెంటపడ్డారు. ఆ సంవత్సరం జూన్‌లో నగర సభ దానిని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. ఇక ఇష్టం వచ్చినట్లు కూల్చడానికి వీల్లేదు. లోపల నాట్యశాల లేదు, పళ్ళేలు లేవు, చూడడానికి గోడలే. ఆ గోడలు వెతికి పట్టినవాడు విలియమ్స్ గనుక, ఈ ప్రకటన అతని వాటాకు వచ్చిందని నేననుకుంటాను.

ఫ్రాంకీ రికార్డులు చూడాలంటే మాత్రం నగరం దక్షిణ కొసకు, స్టోనీ ఐలండ్ అవెన్యూకు పోవాలి. అక్కడ 1923లో కట్టిన బ్యాంకు భవనం ఒకటి ఏళ్ళ తరబడి పాడుపడి ఉండేది. థియాస్టర్ గేట్స్ అనే కళాకారుడు నగరపాలకుల దగ్గర ఒక్క డాలరుకు దానిని తీసుకుని, బాగుచేయించి, 2015లో కళాకేంద్రంగా తెరిచాడు. పుస్తకాలూ పత్రికల పక్కనే, ఫ్రాంకీ జీవితమంతా కూడబెట్టిన సుమారు 5,000 రికార్డులు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు జనం డబ్బు దాచుకున్న భవనంలో ఇప్పుడు దాచినవి ఇవి.

అక్కడికి దగ్గరలోనే జాక్సన్ పార్కు. 1893 నాటి ప్రపంచ ప్రదర్శన జరిగినది ఆ తోటలోనే. ‘చోజెన్ ఫ్యూ’ అనే పాత డీజేల బృందం 1990లో ఆ ప్రాంతంలోనే కుటుంబాలతో కలిసి వనభోజనం పెట్టుకున్నారు. నలుగురూ కలుసుకుందామని మొదలైన ఆ వనభోజనానికి ఇప్పుడు ఏటా జూలైలో వేలకు వేలు జనం వస్తారు. ఆనాటి కుర్రవాళ్ళు ఇప్పుడు తాతలు. కుర్చీలు, గుడారాలు, మాంసం కాల్చుకునే పొయ్యిలు మోసుకుని పొద్దున్నే వచ్చి చెట్టునీడ పట్టుకుంటారు. తీరిగ్గా వెళ్ళినవాడికి నీడ దొరకదు. చికాగోకు వేసవిలో పోయే మన పాఠకులెవరైనా ఉంటే, సింహాల దగ్గర ఫొటో అయిన తరువాత, ఒక పూట ఇటు కూడా కేటాయించవలసిందని నా మనవి. పాట రాకపోయినా ఫరవాలేదు. అక్కడ కాలు దానంతటదే కదులుతుంది.