బ్లాకు మీది నంబరు

మేం వెళ్ళేసరికి మావయ్య జీపు ఇంజిన్‌ని దించి, పాత లారీ టైరు మీద కూర్చోబెట్టారు. హెడ్డు విప్పి పక్కన గోనెపట్టా మీద పెట్టారు. మూడో సిలిండరు అంచున గ్యాస్‌కెట్ కాలిపోయిన చోటు నల్లగా కనిపిస్తోంది. మేస్త్రి బోరు లోపల చూపుడువేలు పెట్టి, కిందనుంచి పైకి జరిపి, ‘ఇదిగో, ఇక్కడ గట్టు తగులుతోంది చూడండి’ అన్నాడు. నేనూ వేలు పెట్టాను. రింగులు పైకొచ్చి ఆగే చోట గోరుకి తగిలే సన్నని గట్టు. ముప్ఫై అయిదేళ్ళ తిరుగుడంతా అందులో ఉంది.

విజయవాడ ఆటోనగర్ పేరు చిన్నప్పటినుంచి వింటున్నాను గానీ, పనిగట్టుకుని అక్కడ గడపడం ఇదే మొదలు. బెంజి సర్కిల్ దాటి పటమట మీదుగా లోపలికి తిరిగితే ఒక వీధంతా రేడియేటర్లు, ఇంకో వీధంతా కమాన్ కట్టలు, ఆ పక్కన క్రాంకు గ్రైండింగు, లేతు పనులు, లారీలకు బాడీలు కట్టేవాళ్ళు. ఒక షెడ్డులో విప్పిన భాగం నాలుగు గుమ్మాల అవతల బాగుపడి సాయంత్రానికి తిరిగొస్తుంది. మేం వెళ్ళిన షెడ్డు పెద్దదేం కాదు. రేకుల కప్పు, చైన్ పుల్లీ వేలాడే ఇనప గర్డరు, మూడు జీపులు పట్టే చోటు. జీపు తప్ప మరో బండి ముట్టుకోరు. మేస్త్రికి అరవై దాటాయి. తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడట. ఇప్పుడు కొడుకు ఆయన పక్కన నిలబడి పానాలు అందిస్తున్నాడు.

మావయ్యది 1990 మోడల్ మహీంద్రా ఎంఎం 540. బుట్టాయగూడెం అవతల జీడిమామిడి తోటకి ఎరువు బస్తాలు, కూలీలు, పంట, ఒక్కోసారి పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్ళు, అన్నీ అందులోనే. వాగు పొంగినరోజు దాన్ని నమ్ముకునే ఊళ్ళో వాళ్ళు ధైర్యంగా ఉంటారు. కానీ రెండేళ్ళుగా గట్టెక్కేటప్పుడు వెనక మనిషి కనపడనంత పొగ. ప్రైవేటు బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆపైన అయిదేళ్ళకోసారి పొడిగింపు. ఆ లెక్కన దీని గడువు 2025లో పడింది. 2022 ఏప్రిల్ నుంచి ఆ పొడిగింపు ఫీజు కారుకి అయిదు వేలయింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్ళు దాటినవాటికి పది వేలు చేశారు. ఫీజుకి మావయ్య వెనకాడలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి స్టార్ట్ చేయాలంటేనే ఆయనకి బెంగ.

మా బావకి వేరే ఆలోచన ఉంది. పాత ఇంజిన్ పారేసి, కాంటెస్సాలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజిన్ దొరికితే అది వేయించాలని. ‘పొగే ఉండదు కదా మేస్త్రీ’ అన్నాడు. మేస్త్రి నవ్వలేదు, కొట్టిపారేయలేదు. అలాంటివి ఎన్నో వేశాడాయన. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య మందపాటి ప్లేటు కోయించాలి, సంపు ముందు యాక్సిల్‌కి తగలకుండా చూడాలి, మౌంటింగులు ఛాసిస్ మీద కొత్తగా వెల్డింగ్ చేయాలి, క్లచ్చు కుదరాలి. అంతా అయ్యాక ఇంజిన్ సెంటర్ వెంట్రుకవాసి తప్పినా గేర్‌బాక్సు బేరింగు ఆర్నెల్లలో అరుస్తుంది. ‘చేయలేక కాదు బాబూ. మీ ఆర్సీలో డీజిల్ అని ఉంది. పెట్రోలు బండి తీసుకెళ్ళి ఏం చెప్తారు?’ అన్నాడు.

పోనీ బొలెరో డీజిల్ ఇంజిన్? అదీ మహీంద్రాదే కదా అన్నాడు బావ. మేస్త్రి ఆర్సీ తీసుకుని వేలితో చూపించాడు. ఇంజిన్ నంబరు, సిలిండర్లు, క్యూబిక్ కెపాసిటీ, ఇంధనం. మావయ్య బండిలో ఉన్నది ఫ్రాన్సు ప్యూజో కంపెనీ లైసెన్సుతో మహీంద్రా తయారుచేసిన 2112 సీసీ ఇంజిన్. బొలెరోది 2523. కంపెనీ ఒకటే గానీ కాగితం మీద అది వేరే బండి.

నిజానికి జీపు చరిత్రే ఇంజిన్లు మారిన చరిత్ర. మన ఊళ్ళలో ‘హై బానెట్’ అని పిలిచే సీజే 3బీకి ఆ ముక్కు అంత ఎత్తుగా ఎందుకుందో నాకు ఈ షెడ్డులోనే తెలిసింది. విల్లీస్ వాళ్ళు పాత జీపులో కొత్త రకం హెడ్డున్న ఇంజిన్ పెట్టాలనుకున్నారు. అది పొడుగు, బానెట్ కింద పట్టలేదు. అందుకని బానెట్‌నే పైకి లేపారు. తర్వాత మహీంద్రా తమ ట్రాక్టరు డీజిల్ ఇంజిన్‌ని జీపులో పెట్టింది, ఆపైన ఈ ప్యూజో వచ్చింది. కంపెనీ చేసిన పనినే షెడ్డుల్లోనూ చేశారు. తేడా ఏమిటంటే కంపెనీ పరీక్ష చేయించి కాగితం పుట్టించింది, షెడ్డుల్లో పుట్టించలేదు. పెట్రోలు ఖరీదు భరించలేక డీజిల్‌కి మార్చిన జీపులు మన జిల్లాల్లో కోకొల్లలు. చాలావాటి ఆర్సీల్లో ఈనాటికీ పెట్రోలనే ఉంది. పొల్యూషన్ కేంద్రంలో నంబరు కొట్టగానే కంప్యూటరు పెట్రోలు అంటుంది, గొట్టంలోంచి డీజిల్ పొగ వస్తుంది. రెండింటికీ యంత్రాలే వేరు. పెట్రోలుకి కార్బన్ మోనాక్సైడు కొలిచేది, డీజిల్‌కి పొగ చిక్కదనం కొలిచేది. ఆ బండి ఏ యంత్రం ముందు నిలబడాలి?

చట్టం ఈ విషయంలో సందేహానికి చోటివ్వలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకీ ఆర్సీ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. గ్యాసుకో బ్యాటరీకో ఆమోదించిన కిట్‌తో మారడానికి వీలుంది. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఖరాఖండిగా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతిలేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ బిల్లుతో సహా దొరికితే ముందుగా అనుమతి తీసుకుని ఆర్సీలో నంబరు మార్పించుకోవచ్చని మేస్త్రి చెప్పాడు. ‘బిల్లుతో దొరకాలి కదా’ అని తనే మళ్ళీ అన్నాడు.

షెడ్డు మూలన ఉన్న రెండో జీపు దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. అరవైల నాటి హై బానెట్. దానికి ఎప్పుడో ఎవరో డీజిల్ ఇంజిన్ బిగించారు. ఇప్పటి యజమానికి దాన్ని వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించాలని కోరిక. 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభయ్యేళ్ళు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరిస్తారు. రుసుము ఇరవై వేలు, గడువు పదేళ్ళు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ తిప్పకూడదు. అయితే బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. అందుకని ఆయన అసలు ఇంజిన్ కోసం పాత ఇనుము దుకాణాలన్నీ వెతుకుతున్నాడు. అప్పట్లో ఆ పెట్రోలు ఇంజిన్‌ని తూకానికి అమ్మేశారట. తూకానికి! ఆ బ్లాకుతోపాటు బండి గుర్తింపు కూడా కరిగిపోయింది.

నాకు ఈ చట్టంతో ఒక పేచీ ఉంది. ఇది మంచి మార్పునీ చెడ్డ మార్పునీ ఒకే గాటన కడుతుంది. పాత జీపులోకి ఇంకా పొగ చిమ్మే ట్రాక్టరు ఇంజిన్ ఎక్కించినా తప్పే, శుభ్రంగా మండే కొత్త ఇంజిన్ ఎక్కించినా అదే తప్పు. కాలిఫోర్నియాలో దీనికొక దారి పెట్టారు. బండిలో వేసే ఇంజిన్ ఆ బండి ఏడాదిదైనా అయ్యుండాలి, అంతకన్నా కొత్తదైనా అయ్యుండాలి. దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ సామాను మొత్తం, క్యాటలిటిక్ కన్వర్టరు నుంచి సెన్సార్ల దాకా, దానివెంటే రావాలి. రెఫరీ అనే పరీక్షకుడు స్వయంగా చూసి, కొలిచి, సరిగ్గా ఉంటే బండికి లేబుల్ అతికిస్తాడు. ఆపైన ఏ తనిఖీ కేంద్రానికి వెళ్ళినా ఆ లేబులే సాక్ష్యం. అక్కడి తెలుగు కుర్రాడొకడు, మా పక్కింటి వాళ్ళబ్బాయి, పాత ల్యాండ్ క్రూజరు కొని ఈ దారిలోనే నడిచాడు. నెలల తరబడి తిరిగాడు గానీ దొంగచాటుగా తిరగలేదు. మనకి పూణెలో ఏఆర్ఏఐ ఉంది, మానేసర్‌లో ఐక్యాట్ ఉంది. కొలవగల సంస్థలున్నప్పుడు, కొలిచి ఒప్పుకునే పద్ధతి ఎందుకుండకూడదు? ఏజెన్సీ గ్రామాల్లో పాత జీపుకి బదులు కొత్త ఫోర్‌వీలు కొనగలిగే రైతులెందరు?

ఆ దారి వచ్చేదాకా మేస్త్రిది ఒకటే మాట. ‘బ్లాకు బతికితే నంబరు బతుకుతుంది.’ ఇంజిన్ నంబరు చెక్కి ఉండేది బ్లాకు మీద. దాన్ని కాపాడుకుని లోపలిదంతా కొత్తది చేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. మావయ్య సరేనన్నాడు. బావ కాసేపు ముఖం మాడ్చుకున్నాడు గానీ, మధ్యాహ్నానికల్లా చొక్కా విప్పి మేస్త్రి కొడుకుతో కలిసి డీజిల్‌లో బోల్టులు కడుగుతున్నాడు.

పొగ చూసి జబ్బు చెప్పడం మేస్త్రికి నాడి చూసినంత పని. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలం పొగ వస్తే రింగులు దాటో వాల్వు గైడు దాటో ఆయిలు పైకొచ్చి కాలుతోంది. తెల్ల పొగ వస్తే డీజిల్ మండకుండా ఆవిరై పోతోంది, లేదా నీళ్ళు సిలిండర్లోకి దిగుతున్నాయి. మావయ్య బండికి మూడూ ఉన్నాయి. బోరు పనికి, హెడ్డు ఫేసింగుకి వేర్వేరు చోట్లకి పంపారు. నాజిళ్ళు నాలుగూ టెస్టరు మీద పెట్టి చూస్తే రెండింటిలోంచి డీజిల్ తుంపరగా రాకుండా ధారగా కారుతోంది. బొట్లుగా పడిన డీజిల్ పూర్తిగా మండదు, మసి అవుతుంది. గాలి ఫిల్టరు విప్పితే అడుగున జీడిమామిడి ఆకుల పొడి గుప్పెడు వచ్చింది.

అసలు దోషి డీజిల్ పంపు దగ్గర బయటపడింది. లోడుతో గట్టెక్కడం లేదని మావయ్య ఎప్పుడో దారిలో ఒకరి దగ్గర ఆపితే, అతను పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచేశాడు. ఆరోజు బండి చక్కగా ఎక్కింది. అప్పటినుంచే నల్ల పొగ. పంపుని బెంచి మీద పెట్టించి, కంపెనీ చెప్పిన కొలతకి తెచ్చారు. మావయ్య తలొంచుకుని, ‘నాకు చెప్పినవాళ్ళు లేరురా’ అన్నాడు నాతో.

పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈమధ్యలో ఒకాయన, బండి తేకపోయినా ఫర్వాలేదు, నంబరు చెప్తే పొల్యూషన్ కాగితం ఇప్పిస్తానన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. మా నాయనమ్మ ఆఖరి నాలుగేళ్ళూ కట్టెల పొయ్యి పొగకి చెడిన ఊపిరితిత్తులతో ఎలా గడిపిందో ఆయన కళ్ళారా చూశాడు.

పరీక్ష పద్ధతి నేను దగ్గరుండి చూశాను. ముందు ఇంజిన్ బాగా వేడెక్కాలి. న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటరు ఒక్కసారిగా చివరిదాకా తొక్కి వదలాలి, అలా పలుమార్లు. సైలెన్సరులో పెట్టిన గొట్టం పొగని యంత్రంలోకి లాగుతుంది. లోపల ఒక పక్క దీపం, ఎదురుగా వెలుగు కొలిచే కన్ను. బీఎస్ 4 కాలుష్య ప్రమాణాలకి ముందు వచ్చిన డీజిల్ బండ్లకి పరిమితి మీటరుకి 2.45. మన మాటల్లో చెప్పాలంటే, ఆ గొట్టంలో నూరు వంతుల వెలుగు పంపితే అరవై అయిదు వంతుల్ని పొగ మింగేసినా పాసే. ఇది విన్నాక పాసవడం గురించి నా ఆనందం కొంచెం తగ్గింది. బీఎస్ 4 బండ్లకి ఆ అంకె 1.62. అంటే సగం వెలుగు.

పనికి ముందు మావయ్య బండి 3.4 చూపించింది. ఈసారి బావ తొక్కాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. తెర మీద సగటు 1.48 అని పడింది. ముప్ఫై అయిదేళ్ళ ఇంజిన్, తన నంబరుతో, తన బ్లాకుతో, తనకన్నా చాలా చిన్న బండ్లకి పెట్టిన గీత కిందికి వచ్చింది. మేస్త్రి ముఖంలో మార్పేమీ లేదు. మావయ్య మాత్రం బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయాడు.

షెడ్డుకి తిరిగొచ్చాక మేస్త్రి కొడుకుని పిలిచి ఎర్ర పెయింటు డబ్బా తెమ్మన్నాడు. పుల్లతో ముంచి పంపు స్క్రూ మీద, దాని నట్టు మీద కలిపి ఒక చుక్క పెట్టాడు.

‘ఈ చుక్క పగిలితే నాకు తెలిసిపోతుందండీ’ అన్నాడు మావయ్యతో. ‘గట్టెక్కకపోతే ఒక గేరు తగ్గించండి. బస్తాలు రెండు దించి మళ్ళీ ట్రిప్పు వేయండి. దీన్ని మాత్రం ఎవరినీ తిప్పనివ్వొద్దు.’

మావయ్య వంగి ఆ చుక్క వైపు చూసి, ‘ఆరనివ్వు మేస్త్రీ, ఆరాకే బయల్దేరతాం’ అన్నాడు.