ఆపమంటే ఆగని మాట

సందర్భంతో నిమిత్తం లేకుండా, హఠాత్తుగా, మళ్లీ మళ్లీ పిల్లవాడి నోట వెలువడే శబ్దాన్ని గానీ మాటను గానీ వైద్యులు శబ్దపు టిక్ అంటారు. గొంతు సవరించుకోవడం, ముక్కు ఎగబీల్చడం, ఉత్త దగ్గు వీటిలో సరళమైనవి కాగా, పూర్తి పదాలు పలకడం, ఎదుటివారి మాటను తిరిగి అనడం, తన వాక్యంలోని చివరి పదాన్నే రెండు మూడు సార్లు అనడం సంక్లిష్టమైనవి. శబ్దపు టిక్‌తో పాటు కళ్లు ఆర్పడం, మెడ విదిలించడం వంటి కదలికలు కూడా ఒకటికి మించి కనిపించి, మొదలై ఏడాది దాటితే దాన్ని టూరెట్ సిండ్రోమ్‌గా నిర్ధారిస్తారు. 1885లో తొమ్మిది మంది రోగుల వివరాలతో దీన్ని వర్ణించిన ఫ్రెంచ్ వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ పేరే ఈ జబ్బుకు స్థిరపడింది. బూతులు దొర్లడమే దీని ముఖ్య లక్షణమన్న ప్రచారం ఉంది గానీ, అది పదిమందిలో ఒకరిద్దరికి మించి కనబడదు.

బిడ్డను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది చెప్పేది ఒక్కటే: "బడిలో బాగానే ఉంటాడండీ, ఇంట్లోనే కావాలని చేస్తున్నాడు." ఇందులో మొదటి ముక్క చాలాసార్లు నిజమే, రెండోది మాత్రం దాని నుంచి తీసిన తప్పు లెక్క. ఎనిమిది, పదేళ్లు దాటిన పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే, మాట రావడానికి ముందు గొంతులోనో ఛాతీలోనో దురదలాంటి బిగువు పుడుతుందనీ, ఆ మాట అనేస్తే తప్ప అది సడలదనీ చెబుతారు. తుమ్మును కాసేపు బిగబట్టగలిగినంత మాత్రాన తుమ్మేవాడు కావాలని తుమ్మినట్టు కానట్టే, టిక్‌ను తరగతిలో గంటసేపు అణచుకోగలిగినంత మాత్రాన అది పిల్లవాడి ఇష్టంతో జరుగుతున్నట్టు కాదు. ఏ కదలికను వదలాలి, దేన్ని ఆపాలి అని నియంత్రించడంలో పాలుపంచుకునే బేసల్ గాంగ్లియా అనే మెదడు లోపలి కేంద్రాలకూ, మెదడు పైపొరకూ మధ్య ఉన్న వలయాల్లోని తేడా దీనికి మూలమని భావిస్తున్నారు. పెంపకానికి అందులో పాత్ర లేదు.

ఇలా వచ్చిన తొమ్మిదేళ్ల బాలుడి చరిత్ర ఈ జబ్బు నడకకు మంచి నమూనా. ఆరో ఏట కళ్లు టపటపలాడిస్తుంటే కంట్లో చుక్కల మందు వేశారు. ఏడో ఏట గొంతు సవరించుకోవడం మొదలైతే అలర్జీ అనుకుని సిరప్‌లు తాగించారు, ఇంట్లో బుగ్గన కరక్కాయ ముక్క పెట్టారు. నిద్రలో ఆ చప్పుడు వినిపించడం లేదన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. ఆ తర్వాత "పో" అనే మాట వచ్చింది. భోజనం వడ్డిస్తున్న నాయనమ్మను చూసి "పో" అన్నాడు, హాజరు పిలుస్తున్న పంతులమ్మ ముందు "పో" అన్నాడు. పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయిందని ఇంట్లో దెబ్బలు పడ్డాయి, ఆపై తాయెత్తు కట్టించారు. తాయెత్తు కట్టిన నెలలో మాట తగ్గింది కూడా. టిక్‌లు వారాల తరబడి పెరిగి తరిగే స్వభావం కలవి కనుక, బాగా ముదిరినప్పుడు ఏది వాడినా ఆ తర్వాతి తగ్గుదల దాని ఖాతాలోనే పడుతుంది. వైద్యుడి మాత్రకు దక్కే పేరులోనూ ఇలాంటి వాటా కొంత ఉంటుందని ఒప్పుకోవడం న్యాయం.

వైద్యుని గదిలో తండ్రి ఈ కథంతా చెబుతున్నంతసేపూ, పిల్లవాడు మాట అన్నప్పుడల్లా "అదిగో చూడండి, మళ్లీ" అంటూ వేలు చూపిస్తూ వచ్చాడు, వేలు చూపించిన కొద్దీ ఆ మాట మరింత దగ్గర దగ్గరగా వచ్చింది. బడిలో చదివే పాఠం గురించి సంభాషణ మళ్లాక పలచబడింది. టిక్ గురించి మాట్లాడితేనే శబ్దపు టిక్‌లు పెరుగుతాయని పరిశోధనల్లోనూ తేలింది. అందుచేత మొదటి చికిత్స ఇంటివారికి చేయవలసి వస్తుంది: ఎత్తి చూపకూడదు, లెక్కపెట్టకూడదు, తిట్టకూడదు, ఆ మాట వచ్చిందని అన్నం గిన్నె పక్కనపెట్టి బుజ్జగించనూ కూడదు. చెప్పడానికి తేలికైన ఈ సలహా పాటించడం చాలా కష్టం, ముఖ్యంగా చుట్టాలు వచ్చినప్పుడు.

రెండోది పిల్లవాడికి నేర్పే శిక్షణ. బిగువు పుట్టగానే గుర్తించి, నోరు మూసి ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదులుతూ, అది సడలేవరకు, కనీసం ఒక నిమిషం పాటు కొనసాగించడం దాని సారం. నెమ్మదిగా సాగే శ్వాసకూ, విసురుగా వచ్చే మాటకూ ఒకేసారి చోటుండదు. అమెరికాలో 126 మంది పిల్లలపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో పది వారాల ఈ శిక్షణ పొందిన వారిలో సగానికి పైగా మెరుగుపడగా, కేవలం అవగాహన, ఓదార్పు అందినవారిలో ఐదో వంతే మెరుగుపడ్డారు. అణచుకుంటే తర్వాత రెట్టింపుగా తన్నుకొస్తుందన్న నమ్మకం కూడా పరీక్షలకు నిలవలేదు. ఇంటి పోరు ఆగకుండా ఈ శిక్షణ మొదలుపెడితే, "ఆపు" అన్న పాత ఆజ్ఞే కొత్త వేషంలో వచ్చిందని పిల్లవాడు అనుకుంటాడు.

టిక్ వల్ల నొప్పి, నిద్రలేమి, చదువుకు ఆటంకం కలిగితేనే క్లోనిడిన్ వంటి మందుల అవసరం వస్తుంది, దానితో మగత ఉంటుంది. రిస్పెరిడోన్ వంటివి పనిచేస్తాయి గానీ బరువు పెంచుతాయి. పది పన్నెండేళ్ల మధ్య తీవ్రంగా ఉండే టిక్‌లు యౌవనం వచ్చేసరికి చాలామందిలో తగ్గుముఖం పడతాయి కనుక తొందరపడనక్కర లేదు. బడికి ఇచ్చే ఉత్తరంలో మాత్రం స్పష్టత ఉండాలి: ముందు వరుసలో గాక పక్క వరుసలో చోటు, మంచినీళ్లకు లేచి వెళ్లే అనుమతి, పరీక్షకు వేరే గది, పిల్లవాడు ఒప్పుకుంటే తోటివారికి రెండు ముక్కల్లో వివరణ.

ఆ బాలుడిని ఒంటరిగా కూర్చోబెట్టి, అన్నిటికన్నా నిన్ను బాధపెట్టేది ఏమిటని అడిగితే "పో" ఊసే ఎత్తలేదు. అక్షరం సరిగ్గా కుదిరిందనిపించేదాకా చెరిపి రాయాల్సి వస్తోందనీ, హోంవర్కు అయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతోందనీ చెప్పాడు. నోట్‌బుక్‌లో కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దిన పేజీలు చూపించాడు. చేసిందే చేయించే ఈ నిర్బంధ ప్రవృత్తీ, ఏకాగ్రత లోపమూ టూరెట్ ఉన్న పిల్లల్లో తరచుగా జతపడి ఉంటాయి. ఇవి చప్పుడు చేయవు కనుక ఫిర్యాదులోకి ఎక్కవు. ఆ తర్వాతి నెలల్లో చికిత్స ప్రధానంగా ఆ రాత మీదనే సాగింది, శ్వాస శిక్షణను దాని వెనక్కి జరిపారు.