చేతికి తగిన వాద్యం

మా కళాశాల వార్షికోత్సవానికి విచ్చేసే పెద్దలు గాయకుణ్ణి మెచ్చుకుంటారు. తబలా వాయించిన విద్యార్థి భుజం తడతారు. వేదికకు ఒక ప్రక్కగా నిలబడి బాస్ గిటారు వాయించినవాణ్ణి గురించి సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. ఆ వాద్యం పలుకుతున్నంతసేపూ దాని ఉనికి తెలియదు. ఆగిపోయినప్పుడు మాత్రం పాట క్రింద నేల కదిలినట్లవుతుంది. అట్టి వాద్యాన్ని గురించి మేము వ్రాయబూనుకొనడానికి కారణం పాండిత్యం కాదు, పశ్చాత్తాపం. మేమనగా కళాశాల సంగీత బృందంలోని ఐదుగురము. చేసిన పొరపాటు ఐదుగురిదీ కనుక ఈ వ్యాసంలో మాట్లాడుతున్నదీ ఐదుగురమే. ఆరవ మిత్రుడే ఇందులోని కథానాయకుడు.

మూడేండ్ల క్రిందట కమిటీవారు మా బృందానికి బాస్ గిటారు కొనుక్కొమ్మని సొమ్ము మంజూరు చేశారు. మేము విజయవాడ వెళ్ళి, ఎవరో వాడి అమ్మిన వాద్యమొకటి తెచ్చాము. ఐదు తంత్రులు, నల్లని మెరుపు, దాదాపు నాలుగున్నర కిలోల బరువు. నాలుగు తంత్రులకన్న ఐదు ఘనమనీ, బరువైనదే బలమైనదనీ మా నమ్మకం. వాయించవలసిన మిత్రుణ్ణి మాత్రం వెంట తీసికొని పోలేదు. ఆనాడు అతనికి పరీక్ష ఉన్నది. మాకు తొందర ఉన్నది.

అతడు రాజోలు వైపు ఒక లంక గ్రామం నుండి బస్సులో వచ్చేవాడు. సన్నని మనిషి, చిన్న చేతులు. తండ్రిగారు కొబ్బరి దింపు తీస్తారు. లయజ్ఞానంలో అతడు మా అందరికన్న మిన్న. ఖాళీ సమయంలో బల్లమీద వేళ్ళతో అతడు తాళం వేస్తుంటే ప్రక్క తరగతివారు కూడ వచ్చి నిలబడేవారు. క్రొత్త వాద్యాన్ని అతని మెడలో వేసి, ఇక మన బృందానికి లోటు లేదనుకున్నాము.

సాధనలోనే కష్టం కనబడింది. మొదటి మెట్టుమీద చూపుడువ్రేలు పెడితే నాలుగవ మెట్టుకు చిటికెనవ్రేలు అందేది కాదు. వెడల్పైన నెక్ చుట్టూ చేయి తిప్పేసరికి మణికట్టు మడతపడేది. ఎడమ భుజంమీద పట్టీ గుర్తు ఎర్రగా దిగేది. ఆ సంగతి అతడు చెప్పలేదు, మేము అడగలేదు. ఉత్సవంనాడు రెండవ చరణంలో అతని చేయి పట్టివేసి వాద్యం ఆగిపోయింది. గాయకుడు శ్రుతి తప్పాడు, సభలో నవ్వులు వినిపించాయి. తెర వెనుకకు వచ్చిన తరువాత మాలో ఒకరు, "నీ చేతులు దీనికి సరిపోవురా" అన్నారు. మిగిలిన నలుగురమూ మౌనం వహించి ఆ మాటకు సాక్ష్యం పలికాము. అతడు తంత్రులు తుడిచి, వాద్యాన్ని పెట్టెలో పెట్టి వెళ్ళిపోయాడు. మరునాటినుండి సాధనకు రాలేదు. అడిగితే బస్సు వేళలు మారాయన్నాడు.

వేరొక వాద్యకారుణ్ణి చూపించమని కొత్తపేటలోని ఒక మాస్టారి వద్దకు వెళ్ళాము. వారు ఒకప్పుడు ఆర్కెస్ట్రాలలో చాలకాలం బాస్ గిటారు వాయించినవారు. మేము చెప్పినదంతా విని, "వాయించేవాణ్ణి మార్చాలని వచ్చారు, బాగానే ఉంది బాబూ. వాద్యాన్ని మార్చి చూశారా?" అన్నారు. మా వద్ద సమాధానం లేదు.

ఆ సాయంకాలం మాస్టారు మాకు చెప్పినదీ, తరువాత మేము చదివి తెలిసికొన్నదీ కలిపి ఇక్కడ సంగ్రహిస్తున్నాము. పాశ్చాత్య వాద్యబృందాలలో మంద్రస్థాయిని పూర్వం నిలువెత్తు డబుల్ బాస్ నిర్వహించేది. దానిని మోసికొని తిరగడం కష్టం. పెద్ద బృందంలో దాని నాదం వినిపించడమూ కష్టమే. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బాస్ అనే విద్యుత్ వాద్యాన్ని తెచ్చింది. గిటారువలె మెడలో వేసికొనవచ్చును. మెట్లు ఉన్నందువలన స్వరస్థానం తప్పదు. ఆ పేరు వచ్చినది ఆ కచ్చితత్వం వల్లనే. దానిమీద తంత్రి పలికే పొడవు 34 అంగుళాలు. నేటికీ చాల బాస్ గిటార్లకు అదే కొలత.

అయితే ఆ కొలత శాసనం కాదు. 30 అంగుళాల పొడవు గలవి కూడ కలవు. నాలుగు అంగుళాలలో ఏమున్నదని మేము తేలికగా తీసికొన్నాము. మాస్టారు కాగితంమీద లెక్క కట్టి చూపించారు. 34 అంగుళాల వాద్యంలో మొదటి మెట్టునుండి నాలుగవ మెట్టుకు గల దూరం 5.1 అంగుళాలు, 30 అంగుళాల దానిలో 4.5 అంగుళాలు. మా మిత్రుని వ్రేలు అందక ఆగిపోయినది సరిగ్గా ఆ అరంగుళం దగ్గరనే. అంతేకాదు, అదే మందం గల తంత్రిని అదే శ్రుతికి బిగిస్తే, పొట్టి వాద్యంమీద బిగువు అయిదవ వంతుకు పైగా తగ్గుతుంది. వ్రేలికి శ్రమ తగ్గుతుంది. దానికి చెల్లించవలసిన మూల్యం కూడ ఉన్నది. తంత్రి కొంత వదులుగా ఉండి, అడుగు స్వరాలలో స్పష్టత తగ్గుతుంది; నాదం గుండ్రంగా, మెత్తగా వస్తుంది. కొన్ని పాటలకు అది లోపం, కొన్నిటికి అదే అందం.

పొడవుతోపాటు నెక్ వెడల్పు కూడ గమనించదగినది. 1960లో అదే సంస్థవారు తెచ్చిన జాజ్ బాస్‌కు, తంత్రులు మొదలయ్యే చోట నెక్ ప్రెసిషన్ కన్న సన్నగా ఉంటుంది. వేగంగా వ్రేళ్ళు కదిలించేవారు దానిని కోరుకుంటారు. పిడికిలి నిండా పట్టుకొని నిదానంగా, బరువుగా వాయించేవారు వెడల్పైన దానినే ఇష్టపడతారు. ఐదవ తంత్రి ఉంటే ఇంకా క్రింది స్వరాలు వస్తాయి; కాని ఆ మేరకు నెక్ వెడల్పవుతుంది. మేము ఘనమని తెచ్చిన ఐదవ తంత్రి మా మిత్రునికి ఒక ఉపకారం చేయలేదు సరికదా, ఉన్న నాలుగింటినీ దూరం చేసింది.

పేరుపొందిన వాద్యకారుల చరిత్ర చూచినా ఇదే కనబడుతుంది. రోలింగ్ స్టోన్స్ బృందంలోని బిల్ వైమన్ చేతులు చిన్నవి. ఆయన పొట్టి బాస్‌లనే ఎన్నుకొన్నారు. 1961లో చౌకగా దొరికిన వాద్యానికి చెక్క కోసి, మెట్లు ఊడదీసి తనకు తగినట్లు తానే మార్చుకొన్నారు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ ఎడమచేతివాటం మనిషి. 1961లో హాంబర్గ్ నగరంలో ఆయన కొన్న హాఫ్నర్ బాస్ వయొలిన్ ఆకారం గలది. బోలుగా, తేలికగా, 30 అంగుళాల పొడవుతో ఉంటుంది. రెండు ప్రక్కలూ సమానం గనుక త్రిప్పి పట్టుకొన్నా ఎబ్బెట్టుగా కనబడదు. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ పాటలకు వాయించిన జేమ్స్ జామర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బాస్‌మీద ఒక్క చూపుడువ్రేలితోనే మీటేవారు; మందమైన, ప్రాతబడిన తంత్రులే ఆయనకు ప్రీతి. జాకో పాస్టోరియస్ మెట్లు లేని జాజ్ బాస్‌మీద స్వరాన్ని వయొలిన్‌వలె జార్చేవారు. ఒకరి వాద్యం మరొకరికిస్తే ఇద్దరి సంగీతమూ చెడుతుంది.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకోనక్కరలేదు. మన పెండ్లిళ్ళలో నాదస్వరం వాయించేవారిని గమనించండి. వాద్యానికి పీకల గుత్తి ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. విద్వాంసుడు ఒక పీక పెట్టి ఊది, తృప్తి కలుగక మరొకటి పెట్టి, తన ఊపిరికి తగినది దొరికిన తరువాతనే రాగం ఎత్తుకుంటాడు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించి నాదస్వర చక్రవర్తిగా వెలసిన షేక్ చినమౌలానా వంటి మహావిద్వాంసులు వాయించిన వాద్యానికైనా నాదం మొదలయ్యేది ఆ చిన్న పీకతోనే. అది పెదవికి కుదరాలి, ఊపిరికి కుదరాలి.

మన రాజోలుకు మరీ దగ్గరి ఉదాహరణ ఒకటి కలదు. దిండి దాటి చించినాడ వంతెనమీదుగా వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డుకు పోతే పాలకొల్లు. 1969లో అక్కడ జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేండ్ల వయస్సులో తండ్రిగారి మాండొలిన్ చేతబట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. వారు పాడి చూపేవారు, బాలుడు ఆ పాటను వాద్యంలో వెదుక్కొనేవాడు. మామూలు మాండొలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తంత్రులుంటాయి. జంట తంత్రులను ఒక్కసారిగా లాగి గమకం పలికించడం కష్టం. నాదం కూడ త్వరగా అణగిపోతుంది. అందువలన శ్రీనివాస్ జంటలను విడిచి, ఐదు ఒంటి తంత్రులు గల విద్యుత్ మాండొలిన్‌ను తన సంగీతానికి సాధనం చేసికొన్నారు. గమకం లొంగింది, మంద్రస్థాయి చేరింది. కర్ణాటక సంగీతానికి ఈ వాద్యం తగదన్నవారే తరువాత సభలలో ముందు వరుసలో కూర్చున్నారు. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేండ్లకే అస్తమించిన ఆ విద్వాంసుని పేరునకు ముందు నేటికీ వాద్యం పేరు చేర్చి మాండొలిన్ శ్రీనివాస్ అనే అంటున్నాము. ఆ బాలునితో ఎవరైనా "నీ సంగీతం ఈ వాద్యానికి సరిపోదు" అని ఉంటే, అతడు ఆ మాట నమ్మి ఉంటే, మనకు దక్కకుండా పోయేది ఎంత!

ఈ ఆలోచన కలిగిన తరువాత మాకు నిద్ర పట్టలేదు. ఆ ఆదివారం ఐదుగురమూ మిత్రుని ఇంటికి వెళ్ళాము. మాట ఎట్లు మొదలుపెట్టవలెనో తెలియక వాకిట్లో నిలబడి ఉండగా, తండ్రిగారు దింపు ముగించుకొని వచ్చి నడుమునుండి మోకు విప్పుతున్నారు. విషయం విని ఆయన మోకును మా ముందు పెట్టారు. "ఆయ్, ఇది నా నడుంకొలతకి కట్టుకున్నదండి బాబూ. మా తమ్ముడి మోకు వేసుకుని నేను చెట్టెక్కితే కింద పడతాను. అలాగని నాకు చెట్టెక్కడం రాదంటారా అండి?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. మేము తలలు వంచుకొన్నాము. తరువాత మాలో ఆనాడు ఆ మాట అన్నవారే ముందుకు వచ్చి, మిత్రుని చేయి పట్టుకొని క్షమాపణ చెప్పారు. అతడు చాలసేపు మాట్లాడలేదు. చివరకు, "మాస్టారి దగ్గర పొట్టిది ఉందా?" అని మాత్రం అడిగాడు.

ఉన్నది. మాస్టారు తమ 30 అంగుళాల పాత వాద్యాన్ని అతని చేతికిచ్చారు. పట్టీ పొడవు తగ్గించి, కూర్చున్నా నిలుచున్నా వాద్యం ఒకే ఎత్తున ఉండేటట్లు చేశారు. బ్రిడ్జివద్ద మరలు త్రిప్పి తంత్రులను మెట్లకు దగ్గరగా దింపారు. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క వ్రేలు చాపనక్కరలేదని, డబుల్ బాస్ వాయించేవారివలె చూపుడు, నడిమి, చిటికెన వ్రేళ్ళతో మూడు మెట్లే పట్టి, నాలుగవ దానికి చేతినే జరపమని నేర్పారు. గంట గడిచేసరికి మా మిత్రుని భుజాలు క్రిందికి దిగాయి, మణికట్టు నిటారైనది. ఇళయరాజా 1980లలో స్వరపరచిన తెలుగు పాటలలో బాస్ గిటారు తనదంటూ వేరొక పాట పాడుతున్నట్లుంటుంది. అట్టి పాట ఒకటి అతడు మొదలుపెట్టగానే, బల్లమీద మేము విన్న ఆ తాళమే ఇప్పుడు తంత్రులమీద వినిపించింది.

మేము తెచ్చిన ఐదు తంత్రుల వాద్యం ఏమైనదని పాఠకులు అడగవచ్చును. అమలాపురంనుండి వచ్చే ఒక పొడవాటి మొదటి సంవత్సరం విద్యార్థి దానిని ఎత్తుకొన్నాడు. అతని చేతిలో అది చక్కగా మ్రోగుతున్నది. కనుక దోషం వాద్యానిదీ కాదు, మిత్రునిదీ కాదు. ఎవరికి ఏది తగునో విచారింపకుండ జతకట్టిన మాదే.

ఉర్దూ చదివే మా మిత్రులొకరు ఈ సందర్భంలో ఒక మాట చెప్పారు. ఉర్దూలో వాద్యాన్ని సాజ్ అంటారు. అనుకూలించినదానిని, కుదిరినదానిని సాజ్‌గార్ అంటారు. వాద్యమన్న పేరులోనే కుదురుబాటు ఉన్నదని ఆ మిత్రుని భావం. రెండు భాషలు కలిసి చదివే కళాశాలలో ఈ ఒక్క మాట నేర్చుకొనడానికి మాకు ఒక మిత్రుణ్ణి నొప్పించవలసి వచ్చింది.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఇకమీదట ఏ వాద్యం కొన్నా, వాయించబోయే విద్యార్థిని వెంట పంపండి. అతడు దానిని మెడలో వేసికొని పావుగంట నిలబడి వాయించిన తరువాతనే సొమ్ము చెల్లించండి. మాస్టారి వాద్యం ఎరువు సొత్తు. వీలైతే ఈ ఏడు నాలుగు తంత్రుల పొట్టి బాస్ గిటారు ఒకటి కళాశాలకు కొనిపెట్టండి. రాబోయే విద్యార్థులలో చిన్న చేతులవారు తప్పక ఉంటారు. సహవిద్యార్థులకు మేము చెప్పుకొనేది కూడ ఒక్కటే. మీ ప్రక్కవాడు తడబడినప్పుడు "నీవు దీనికి తగవు" అనే ముందు, అతని చేతికి మనమిచ్చినది ఏమిటో ఒక్కసారి చూడండి.

— కళాశాల సంగీత బృంద సభ్యులు