ఎవరు పంపారండీ?

ఇన్సూరెన్సు ఏజెంటు గుమ్మంలో నిలబడగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. మనం చెప్పే పేరును బట్టి కుర్చీ వేస్తారు, లేదా గేటు దగ్గరే మాట్లాడి పంపేస్తారు. పాలసీ సంగతి ఆ తర్వాత.

తెనాలిలో పదిహేనేళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. మొదటి ఏడాది చుట్టాలతో గడిచిపోయింది. రెండో ఏడాదికి పెళ్లిళ్లలో నేను కనిపిస్తే జనం పక్క వరసలోకి జరిగి కూర్చునేవాళ్లు. అప్పుడు మా డెవలప్‌మెంటు ఆఫీసరుగారు ఓ మాట చెప్పారు. "పాలసీ కట్టేవాళ్ల కోసం తిరగకయ్యా. పదిమందీ వచ్చి తమ ఇంటి సంగతులు చెప్పుకునే చోట్లు ఉంటాయి. అక్కడ కూర్చునేవాళ్లను పరిచయం చేసుకో."

చేసుకున్నాను. రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఆయన, ఇన్‌కంటాక్సు రిటర్నులు వేసే ఆడిటరుగారు, బైకుల షోరూములో సేల్స్ కుర్రాడు, మా వీధి చివర మెడికల్ షాపు బాబాయి. స్థలం కొన్నవాడు, బండి కొన్నవాడు, కొత్తగా బిడ్డ పుట్టినవాడు ముందు వీళ్లకే తెలుస్తారు. ఊళ్లలో అయితే ధాన్యం డబ్బులు ఎప్పుడొస్తాయో, మినుములు ఎప్పుడు అమ్ముతారో కూడా వీళ్లే చెప్పేవాళ్లు. రైతుకు కిస్తీ ఆ నెలలో పడేలా పెడితే పాలసీ మధ్యలో ఆగిపోదు. ఇది ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

పంపినందుకు వాటా అడిగినవాళ్లూ ఉన్నారు. ఇక పాలసీ కట్టేవాళ్లయితే "మొదటి కిస్తీలో సగం మీరే వేసుకోండి" అంటారు. ఇన్సూరెన్సు చట్టం 41వ సెక్షను ప్రకారం అది నేరం, పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. మొదట్లో ఒకరిద్దరికి నేనూ వేశాను, దాచుకోవడమెందుకు. అలా కట్టినవాడు రెండో ఏడాది కట్టడు. ఇంకొకణ్ణి పంపినా, వాడికీ సగం వేస్తారుగా అనే పంపుతాడు.

బాబాయి మాత్రం ఎప్పుడూ పైసా అడగలేదు. 2017 మార్చిలో ఒక తాపీమేస్త్రిని పంపాడు. నలభై రెండేళ్లవాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఐదు లక్షల పాలసీ. అవతల నెలాఖరు, నాకు టార్గెట్టుకు రెండు పాలసీలు తక్కువ. ఫారంలో ఆరోగ్యం ప్రశ్నలు గబగబా చదువుతూ పోతున్నాను. షుగరు దగ్గర అతను ఆగి, "అప్పుడప్పుడూ మాత్ర వేసుకుంటానండీ, పెద్దదేం కాదు" అన్నాడు. అది రాస్తే టెస్టులంటారు, నెల దాటిపోతుంది. "పర్లేదులే" అని 'లేదు' అని రాశాను. అతను సంతకం పెట్టాడు.

ఇరవై నెలలకు గుండెపోటుతో పోయాడు.

పాలసీ తీసుకున్న మూడేళ్లు దాటాక ఇక దాన్ని కంపెనీ ప్రశ్నించడానికి వీల్లేదని 45వ సెక్షను చెబుతుంది. మూడేళ్లలోపు క్లెయిము వస్తే మాత్రం గట్టిగా విచారిస్తారు. ఆసుపత్రి కాగితాల్లో 'ఆరేళ్లుగా షుగరు' అని ఉంది. క్లెయిము కొట్టేశారు. కట్టిన రెండు కిస్తీలు వెనక్కి ఇచ్చారు, అంతే.

మేస్త్రి భార్య నా దగ్గరకు రాలేదు. బాబాయి షాపుకు వెళ్లి, "మీరు పంపారనే కట్టాడండీ ఆయన" అందట. ఆ సాయంత్రం బాబాయి నన్ను కౌంటరు లోపలికి పిలిచాడు. కేకలు వేస్తాడనుకున్నాను, వేయలేదు. "ఆ మాత్రలు నా దగ్గరే కొనేవాడు కదా అబ్బాయ్. నన్నొక్క మాట అడగొద్దూ?" అన్నాడు. తర్వాత మరెవర్నీ పంపలేదు. ఆయనే కాదు, ఆడిటరుగారూ పంపడం మానేశారు. చిన్న ఊరు, ఎవరికి ఎవరు చెప్పారో అడిగే పని లేదు.

క్లెయిము కొట్టేస్తే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చని, దానికి ఫీజేమీ ఉండదని మేస్త్రి భార్యకు చెప్పాను. "ఇంక ఆ కాగితాలు నాకొద్దు అన్నయ్యా" అంది. ఆ మాటకు లోపల్లోపల హమ్మయ్య అనుకున్నాను. అక్కడ ఫారం ఎవరు నింపారని అడుగుతారు కదా. ఆమెతో రెండోసారి ఆ మాట ఎత్తలేదు.

తర్వాత రెండేళ్లు కొత్త పాలసీలు అంతంతమాత్రం. ఖాళీగా కూర్చోలేక ఇతరుల పాత పాలసీల పని చూడటం మొదలుపెట్టాను. ఏజెంటు మానేసి వెళ్లిపోయిన పాలసీలు మా ఊళ్లో బోలెడు. నామినీగా చనిపోయిన తల్లి పేరు అలాగే ఉంటుంది, బ్యాంకు ఖాతా మారి ఉంటుంది. నాకు దాంట్లో కమీషనుండదు. ఎవరింట్లోనైనా మనిషి పోయాడంటే, దినాలు అయ్యాక వెళ్లి బ్యాంకు పాస్‌బుక్ అడిగి చూసేవాణ్ణి. మే నెలాఖర్లో 436 రూపాయలు కోసిన పద్దు ఉందంటే, ప్రధానమంత్రి జీవనజ్యోతి కింద రెండు లక్షలు రావాల్సి ఉన్నట్టే. 2022కు ముందు అది 330. ఆ కోత ఎందుకో ఇంట్లోవాళ్లలో చాలామందికి తెలియదు, బ్యాంకువాళ్లు ఏదో పట్టుకున్నారనుకుంటారు. మేస్త్రి పాస్‌బుక్కూ తెప్పించి పేజీ పేజీ చూశాను. ఆ కోత లేదు.

2023లో కొల్లిపర వైపు ఒక కౌలురైతు ఇంట్లో ఆ పద్దు దొరికింది. ఫారం నింపి, అతని భార్యతో మూడుసార్లు బ్యాంకుకు వెళ్లాను. డబ్బు పడిన వారానికి వాళ్ల అన్న ఫోన్ చేసి తన పిల్లల పేరున పాలసీ కావాలన్నాడు. నేను వెళితే "ఎవరు పంపారండీ" అని అడగకుండా మంచం వాల్చిన ఇల్లు అదొక్కటే.

ఇప్పుడు నేను ఫారం నింపే ముందు వాడే మందులన్నీ బల్ల మీద పెట్టమంటాను. కొందరికి కోపం వస్తుంది. ఏజెంటుకు జీవిత బీమాలో ఒక్క కంపెనీయే ఉంటుంది కాబట్టి, నా కంపెనీలో వాళ్లకు సరిపడేది లేకపోతే వేరే కంపెనీ ఏజెంటు నంబరిచ్చి పంపిస్తాను. ఆయనా నాకు పంపుతాడు, లెక్కలు రాసుకోం.

పోయిన సంక్రాంతి ముందు ఒకాయన ఇంటికొచ్చి, జేబులోంచి మెడికల్ షాపు బిల్లు తీసిచ్చాడు. వెనకవైపు బాబాయి రాత. 'మెట్‌ఫార్మిన్ 500, రెండు పూటలా, నాలుగేళ్ల నుంచి. బీపీ మాత్ర ఒకటి.' ఇంకేమీ రాయలేదు. టెస్టులయ్యాయి. కంపెనీ కిస్తీ పెంచి పాలసీ ఇస్తానంది. పెంచినందుకు ఆయన గొణుక్కుంటూనే కట్టాడు.

మర్నాడు ఆ సంగతి చెబుదామని షాపుకు వెళ్లాను. బాబాయి మాత్రలు కత్తిరిస్తూ తలెత్తి చూసి, "అంతా రాశావా?" అన్నాడు. రాశానన్నాను.