ఇంట్లోకి తుపాకి తెచ్చే ముందు

డల్లాస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నలుగురు కలిస్తే ఇప్పుడు తుపాకి మాట తప్పకుండా వస్తున్నది. 2023 మే 6న అలెన్‌లోని షాపింగ్ మాల్‌లో ఒక దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. ఆ ఎనిమిది మందిలో ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగమ్మాయి కూడా ఉంది. మేము కూడా పిల్లల బట్టలకు పోయే మాల్ అది. ఆ తర్వాత తెలిసినవాళ్లు ఒక్కొక్కరే తుపాకి కొన్నారు. నేను కూడా కొందామనే దుకాణానికి పోయాను.

అక్కడ పాత బ్రౌనింగ్ హైపవర్ పిస్తోలు ఒకటి కనిపించింది. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టిన నమూనా ఇది. ఆయన 1926లో చనిపోతే, బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీలో డ్యుడొనే సేవ్ పూర్తిచేశాడు. 1935లో బయటికి వచ్చింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి; ఆ కాలానికి అది చాలా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో అటు జర్మన్లూ ఇటు మిత్రరాజ్యాలూ వాడారు. మన సైన్యం కూడా వాడింది, ఇషాపూర్ ఫ్యాక్టరీలో మనవాళ్లే తయారుచేశారు. 2018 నాటికి బ్రౌనింగ్ దీని తయారీ ఆపేసింది. 2022లో ఎఫ్ఎన్ అదే పేరు మీద కొత్తది తెచ్చింది కానీ లోపలి అమరిక మార్చింది. దాని విడిభాగాలను నమ్ముకొని పాతది కొనలేం.

దుకాణదారు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ ఖాళీగా ఉందని చూపించాకే నా చేతికిచ్చాడు. టార్చి వేసి చూస్తే బ్యారెల్ గాడులు శుభ్రంగా ఉన్నాయి. స్ప్రింగులు మార్చుకోవాల్సి వస్తుందన్నాడు. తర్వాత ఇంకో మాట చెప్పాడు. హైపవర్‌లో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఒక చిన్న భాగం ఉంటుంది. ట్రిగ్గర్ తేలికగా కదలాలని చాలామంది దాన్ని తీసేయిస్తారు. ఈ పిస్తోలుకూ ముందటి ఓనరు అదే చేయించాడు. అంటే మ్యాగజైన్ బయట ఉన్నా, ఛాంబర్‌లో ఒక్క తూటా మిగిలిపోతే పేలుతుంది. ఆ భాగం ఉన్నా దాన్నే నమ్ముకోవడం తప్పు. అదీ లేదంటే నాకు గుబులు పుట్టింది.

ఇంటికొచ్చి ఊర్లో ఉన్న మా నాయినకు ఫోన్ చేశాను. మాది తిరుమలగిరి. సూర్యాపేట నుంచి జనగామ పోయే తొవ్వలో ఉంటది. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకులకు నేలకొరిగిన కడవెండి మాకు దూరమేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని వడిసెలలతో మొదలుపెట్టిన జనం తర్వాత తుపాకులు పట్టారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఆ ముచ్చట్లు వింటూ పెరిగిన మా నాయినకు తుపాకి అంటే వింత లేదు, భయమూ లేదు. ఊర్లో లైసెన్సు తుపాకి ఉన్నవాళ్లు ఎన్నికలొస్తే ఠాణాలో అప్పజెప్పి రావడం కూడా ఆయనకు తెలుసు. ఫోన్‌లో అంతా విని ఒక్కటే అడిగాడు: "పిల్లలు తిరిగే ఇంట్ల అదెక్కడ పెడ్తవ్ బిడ్డా?"

బీరువాలో తాళం వేసి, తూటాలు వేరుగా పెడతానన్నాను. మరి అర్ధరాత్రి దొంగ వస్తే ఎట్లా అందుతుందని నాకే అనుమానం వచ్చింది. దిండు కింద పెట్టుకుంటే నాకెంత సులువుగా అందుతుందో ఏడేళ్ల పిల్లకూ అంతే సులువుగా అందుతుంది. రెండూ ఒకేసారి కుదరవు. పైగా అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. పిల్లలూ, మనసు బాగోలేని పెద్దలూ ఉన్న ఇంట్లో దొంగకంటే ముందు దీన్ని తలుచుకోవాలి. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి పుట్టినరోజు నాడే తన తుపాకి పేలి చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల గోస పగవాడికి కూడా రావద్దు.

వీసా మీద ఉన్నవాళ్లకు ఒక మాట. ఎఫ్-1, హెచ్-1బీ వంటి వీసాల మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు కొనొచ్చు. డీలరు దగ్గర పాత తుపాకి కొన్నా ఫారం 4473 నింపాలి, నేరచరిత్ర తనిఖీ జరగాలి. అందులో అబద్ధం రాస్తే అది కూడా నేరమే. టెక్సాస్‌లో ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకానికి ఆ తనిఖీ అక్కర్లేదని స్నేహితుడి దగ్గర తీసుకున్నా వీసా నిబంధన తప్పదు. ఏళ్లకేళ్లు కష్టపడి కట్టుకున్న బతుకు ఒక్క కేసుతో కూలిపోతుంది.

నేను ఆ పిస్తోలు కొనలేదు. హైపవర్ గొప్ప పనితనమున్న వస్తువు, అందులో సందేహం లేదు. కానీ తయారీ ఆగిపోయి, రక్షణ భాగం తీసేసిన పిస్తోలుకు పిల్లలున్న మా ఇంట్లో చోటు లేదు. మోజున్నవాళ్లు షూటింగ్ రేంజికి పోయి నేర్చుకోండి, కాల్చండి. ఇంట్లోకే తేవాలనుకుంటే ముందు తాళమున్న పెట్టె కొనండి, శిక్షణ తీసుకోండి, ఇంట్లో అందరితో కూర్చొని మాట్లాడండి. ఆ మూడూ చేయలేనివాళ్లు దయచేసి కొనకండి.