కట్ట మీద కేకలు

'హెచ్చరిక' అనే మాట కనిపిస్తే మీకేం గుర్తొస్తుంది? కరెంటు స్తంభం మీది పుర్రె బొమ్మా? ఘాట్ రోడ్డు మలుపులో ఎర్రటి అక్షరాలా? నాకు మాత్రం బద్వేలులోని మా పెద్దమ్మ గుర్తొస్తుంది.

తెలుగు బైబిల్లో ఆ మాట తీరే వేరు. అపొస్తలుల కార్యాల్లో బర్నబా అనే ఆయన వస్తాడు. ఆ పేరుకు 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం చెప్పారు మన అనువాదకులు. ఆదివారం బడిలో ఆ పేరు వినగానే బెత్తం పట్టుకున్న మనిషిని ఊహించుకునేవాణ్ని. తీరా చదివితే... అందరూ భయపడి దూరం పెట్టిన సౌలును చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే. మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్దామని పౌలుతో వాదం పెట్టుకున్నదీ ఆయనే! మూలంలోని గ్రీకు మాటలో ఓదార్చడం, ధైర్యం చెప్పడం, బతిమాలి చెప్పడం అన్నీ ఉన్నాయి. 'పక్కకు పిలవడం' అనే అర్థంలోంచి పుట్టిన మాట అది.

ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

కొన్నేళ్ల కిందట క్రిస్మస్ రోజు. గుడి నుంచి వచ్చి అందరం మా ఇంట్లో భోజనాలకు కూర్చున్నాం. మా చిన్నాయన కొడుకు ఆలస్యంగా వచ్చాడు. మనిషి కంటే ముందు వాసన వచ్చింది. ఆటో కంతులు కట్టడం లేదనీ, భార్య కమ్మలు తాకట్టుకెళ్లాయనీ అప్పటికే విన్నాను. ఇక ఆగలేదు. వడ్డన మధ్యలో, వాడి భార్యాబిడ్డల ముందే, వాక్యాలు అప్పజెబుతూ కడిగేశాను. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. వాడు ప్లేటు ముందు నుంచి లేచి, "సరేన్నా" అని వెళ్లిపోయాడు. తర్వాత రెండు క్రిస్మస్‌లకు మా గడప తొక్కలేదు.

నేను తప్పు చేశాననుకోలేదు. నిజం చెప్పడం తప్పా? పైగా మాది వేమన పద్యాలు వింటూ పెరిగిన సీమ. ముఖానే అనేయడం మా దగ్గర మంచి గుణం కిందే లెక్క!

మూడో ఏడు వేసవిలో ఊరికెళ్తే పెద్దమ్మ వచ్చింది. ఒకప్పుడు సంఘంలో బైబిల్ ఉమెన్‌గా ఎండల్లో పల్లె పల్లెకూ తిరిగిన మనిషి. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చిందని తర్వాత అర్థమైంది. మజ్జిగ తాగింది. నా ఉద్యోగం గురించి అడిగింది. ఆ తర్వాత మెల్లగా...

"ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమే నాయనా. ఎవరికోసం చెప్పినావు?"

"వాడికోసమే."

"వానికోసమైతే వానికి చెప్పాల. నువ్వు మా అందరికీ చెప్పినావు."

నాకు రోషం వచ్చింది. "మీరెవరూ చెప్పరు కాబట్టే..." అన్నాను. ఆమె నొచ్చుకోలేదు.

"మేం చెప్పకపోయింది మా తప్పే. చెరువు కట్ట కారతాంటే చూసీచూడనట్టు పోయినోనిదీ తప్పే, కట్ట మీద నిలబడి కేకలేసినోనిదీ తప్పే. దిగి మట్టి వెయ్యాల."

బద్వేలుకు దగ్గర్లోని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు కారడం ఆ దోషాల్లో ఒకటి. పెద్దమ్మ ఆ శాసనం చదవలేదు. కరువు సీమలో పుట్టిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి బైబిలు తెరిచాను. తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమని ఏసు చెప్పిన మాట మత్తయి 18వ అధ్యాయంలో ఉంది. తప్పులో పడినవాణ్ని సాత్వికంతో సరిచేయమని పౌలు గలతీయులకు రాశాడు. అక్కడ పౌలు వాడిన గ్రీకు మాటే, సువార్తల్లో జాలరులు వలలు బాగుచేసుకునే చోటా ఉంది. చిరిగిన వలను బాదితే అతుక్కుంటుందా? అప్పజెప్పడానికి అన్ని వాక్యాలు గుర్తొచ్చిన నాకు ఆ క్రిస్మస్ రోజు ఇవి మాత్రం గుర్తురాలేదు. పెద్దమ్మ ఒక్క వాక్యమూ చెప్పకుండానే వీటన్నిటినీ చేసి వెళ్లింది.

మర్నాడు తమ్ముడి ఇంటికెళ్లాను. ఆటో తుడుచుకుంటున్నాడు. "అందరి ముందు అట్లా అని ఉండకూడదురా. తప్పు నాదే" అన్నాను. చాలాసేపు గుడ్డ పిండుతూ ఉండిపోయాడు.

"నువ్వు చెప్పింది అబద్ధమేం కాదులేన్నా. నా కూతురు ఆడే ఉండింది... అదే" అన్నాడు.

వాడు తాగుడు మానేశాడని రాస్తే కథ బాగుంటుంది. కానీ పూర్తిగా మానలేదు. తగ్గించాడు, మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ తగ్గించాడు. జారినప్పుడల్లా నాకే ఫోన్ చేస్తాడు. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.

మొన్న ఊళ్లో ఉన్నప్పుడు, మందులు వేసుకోవడం మరిచిపోయిందని మా అమ్మ మీద గట్టిగా అరిచాను. బంధువులంతా ఉన్నారు. తమ్ముడూ ఉన్నాడు. ఏమీ అనలేదు. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, నా భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, ఒక్క మాట... ఇట్లా పక్కకు రా."

వెళ్లాను. చెప్పిందంతా విన్నాను.