ఇరుసు, కందెన, ఒక పాత కారు

మన పురాణ కథలలో చక్రం మొరాయించిన చోట కథ మలుపు తిరుగుతుంది. కర్ణుని రథచక్రం నేలలో కూరుకుపోయింది, యుద్ధగతి మారిపోయింది. దేవాసుర సంగ్రామంలో దశరథుని రథచక్రపు సీల ఊడిపోగా, కైకేయి తన వేలినే సీలగా నిలిపిందని పెద్దలు చెబుతారు. రామాయణాన్ని అడవి దారి పట్టించిన రెండు వరాలు ఆ వేలి వలననే లభించాయట. చక్రమూ ఇరుసూ కలిసే ఆ చిన్న చోటు విలువ ఎడ్లబండ్ల కాలపు వారికి వేరుగా చెప్పనవసరం లేదు. సుమతీ శతకకారుడు సైతం ఇరుసుకు పెట్టే కందెనను ఒక పద్యంలో పోలికగా వాడుకున్నాడు.

నేటి కారులో ఆ చోటు కంటికి కనిపించదు. అక్కడ బేరింగ్ ఉంటుంది: ఉక్కు వలయాల నడుమ రెండు వరుసల గుండ్లు, వాటి చుట్టూ కందెన, నీరు చొరబడకుండా రబ్బరు మూత. గుండ్లు దొర్లడం వలన రాపిడి తగ్గుతుంది. మూత చెడి నీరు చేరిందంటే కందెన పాడవుతుంది, గుండ్లు దొర్లే బాట గరుకెక్కుతుంది, చక్రం మూలగడం మొదలుపెడుతుంది.

మేముండే ఒహాయో రాష్ట్రంలో చలికాలమంతా మంచు కరగడానికి రహదారులపై ఉప్పు చల్లుతారు. ఉప్పునీటికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు తాను తినివేసిన ఇనుము కంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందువలన సులువుగా జారవలసిన భాగాలు కూడా కొన్నేళ్లకు ఒకదానినొకటి కరచుకొని కూర్చుంటాయి.

మా కారు 2006 నాటిది. మా అమ్మాయి ఆ వేసవి చివరినుండి దానినే నడుపుకొంటూ రోజూ విశ్వవిద్యాలయానికి వెళ్లవలసి ఉంది. ఆ సమయంలో నాన్నగారు గుంటూరు జిల్లానుండి వచ్చి మా వద్ద ఉన్నారు. ఆరు నెలల గడువులో నాలుగు నెలలు అప్పటికే గడిచిపోయాయి. ఒకే ఇంట్లో ఉన్నా తాతామనుమరాళ్ల సంభాషణ "తిన్నావా తల్లీ?", "తిన్నాను తాతయ్యా" అనే మాటల వద్దనే ఆగిపోయేది. ఒకనాడు వెనుక సీటులో కూర్చున్న నాన్నగారు, "కుడి చక్రం దగ్గర ఇరుసు మూలుగుతోందిరా" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. వేగంతోపాటు హోరు పెరుగుతోంది. గేరు న్యూట్రల్‌లో ఉంచినా తగ్గలేదు. కనుక లోపం ఇంజనులో లేదు. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. హోరు అప్పుడే హెచ్చింది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండు మీద నిలిపాము. నాన్నగారు మనుమరాలి చేతిని స్ప్రింగు మీద ఉంచి చక్రాన్ని తిప్పారు. లోపలి గరగర ఆమె అరచేతికి తెలిసింది. "ఇరుసు అంటే ఇదేనా?" అని ఆమె అడిగింది. ఆయన కాగితం తెప్పించి ఎడ్లబండి బొమ్మ గీశారు.

తుప్పును వదిలించే నూనెను రాత్రే పోసి ఉంచాము. మరునాడు బ్రేక్ డ్రమ్మును తీశాము. హబ్‌ను పట్టి ఉంచిన నాలుగు బోల్టులూ కష్టం మీద వదులయ్యాయి. హబ్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు. బేరింగ్ దానిలోనే ఇమిడి ఉంటుంది. హబ్ ఊడితేనే బేరింగ్ మారుతుంది.

అప్పుడు నాన్నగారు తమ ఊరి కమ్మరి కొలిమిని గుర్తుచేసుకున్నారు. బండిచక్రానికి ఇనుప పట్టా వేయడానికి, దానిని పిడకల మంటలో ఎర్రగా కాల్చి చెక్కచక్రం మీదికి దించేవారట. వేడికి సాగిన పట్టా నీళ్లు పోయగానే కుంచించుకొని చక్రాన్ని బిగించి పట్టేదట. "కాస్త వేడి చూపించరాదా?" అన్నారు. పక్కనే బ్రేకు గొట్టం, రబ్బరు, పైగా మేము పోసిన నూనె ఉన్నాయనీ, మంట ప్రమాదమనీ చెప్పాను. ఆయన ఒప్పుకొని మరొక మాట చెప్పారు: "అయితే ఒక్క వైపే కొట్టకు. కమ్మరి పట్టా దించేటప్పుడు చుట్టూ తిరుగుతూ కొడతాడు. ఒకే వైపు కొడితే వంకరపడి ఇంకా బిగుస్తుంది."

పాత బోల్టులను మళ్లీ కొన్ని మరలు ఎక్కించి, వెనుకనుండి వాటి తలల మీద వరుసగా కొట్టసాగాను. మా అమ్మాయి రక్షణ కళ్లద్దాలు పెట్టుకొని దీపం పట్టింది, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని తెలుగులో లెక్కించింది. నాలుగు దెబ్బలకు ఒక చుట్టు. తొమ్మిదవ చుట్టులో హబ్ చుట్టూ సన్నని నల్లని గీత కనిపించింది. "కదిలింది తాతయ్యా!" అని ఆమె అరిచింది. మరి రెండు చుట్లకు అది చేతిలోకి వచ్చింది.

ఇంత పంతం పట్టింది కాగితం మందమంత తుప్పే. దానిని తీగ బ్రష్షుతో శుభ్రపరచి, మళ్లీ కరచుకోకుండా పలుచని పూత వేశాము. దెబ్బలు తిన్న బోల్టుల స్థానంలో కొత్తవి పెట్టి, మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాము.

కొత్త హబ్‌ను చేతిలో తిప్పి చూస్తూ నాన్నగారు, "కందెన ఎక్కడ పెడతారు?" అని అడిగారు. వారి రోజుల్లో ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ప్రయాణానికి ముందు ఇరుసుకు పట్టించేవారట. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి రబ్బరు మూతను చూపించి, వచ్చిన తెలుగులో, "లోపలే ఉంది తాతయ్యా. మనం పెట్టలేము. అరిగితే మొత్తం మార్చాలి" అని చెప్పింది. "అయితే మీ బండికి ప్రతిరోజూ సేవ అక్కరలేదన్నమాట" అని ఆయన నవ్వారు. ఆ సాయంత్రం వారిద్దరూ ఎడ్లబండి గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. మాట దొరకని చోట బొమ్మ గీసుకున్నారు.

కారులో మరమ్మతుల వివరాలు రాసే చిన్న పుస్తకం ఉంది. అంతకుముందు పుటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆనాటి పుటలో మా అమ్మాయి తేదీ వేసి, తాతగారిని అడిగి అడిగి, పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "కుడి వెనుక చక్రం. బేరింగ్ కొత్తది. కందెన లోపలే ఉంది." రేపు ఆ కారు ఎవరి చేతికి వెళ్లినా, ఆ పుట చదవడానికి వారికి తెలుగు రావలసి ఉంటుంది.